కొత్త మాగ్నెటిక్ ఫిల్టర్ల సెట్ వచ్చిందా? షూట్‌కి తీస్కెళ్ళేముందు ఇంట్లోనే ఇలా పరీక్షించుకోండి

మాగ్నెటిక్ ఫిల్టర్ల డబ్బా విప్పగానే ఎవరైనా చేసే మొదటి పని ఒకటే, రింగు కెమెరా లెన్స్‌కి బిగించి ఫిల్టర్‌ని దగ్గరికి తీస్కెళ్ళి అది టక్కున అతుక్కునే చప్పుడు ఓ పదిసార్లు వినడం. ఆ చప్పుడు నాకూ ఇష్టమే. కానీ అది గ్లాస్ ఎలాంటిదో ఏమీ చెప్పదు, అయస్కాంతం పట్టు గురించి కూడా సగమే చెప్తుంది. నా పాత సెట్‌ని ఏ పరీక్షా చెయ్యకుండా నేరుగా నీళ్ళ దగ్గరికి తీస్కెళ్ళిపోయా, మెడలో ఉన్న స్ట్రాప్ ఊగి అంచుకి తగలగానే ఎన్‌డీ1000, అంటే వెలుగుని వెయ్యో వంతుకి తగ్గించే నల్లటి ఫిల్టర్, ఊడి రాతి మీద పడి అంచు పెచ్చు లేచింది, అప్పటిదాకా తీసిన ఫోటోలు ఇంటికొచ్చి చూస్తే అన్నీ గోధుమరంగు తిరిగి ఉన్నాయి. ఈ రెండూ ఇంట్లో ఓ సాయంత్రం కూర్చుని చూసుకుంటే ముందే తెలిసేవి. అందుకే ఈసారి కొత్త సెట్‌కి ఒక సాయంత్రం, ఒక పొద్దున పూర్తిగా కేటాయించా, ఏం చేశానో అదే వరసలో చెప్తా. రిటర్న్ గడువు ఉండగానే చేస్కోండి, గ్లాస్‌లో తేడా ఉంటే అప్పుడే తిప్పి పంపొచ్చు.

ముందు రింగు సంగతి. ఈ సెట్లలో మరలుండే బేస్ రింగు ఒకటి లెన్స్‌కి బిగుస్తుంది, ఫిల్టర్లన్నీ దానికి అయస్కాంతంతో అతుక్కుంటాయి. మీ లెన్స్ సైజు ముందుభాగంలో సున్నాకి అడ్డగీత గీసినట్టుండే గుర్తు పక్కన రాసుంటుంది, 67, 72, 77, 82 ఎంఎం ఇలా. దాన్ని లెన్స్ ఎంత వెడల్పు దృశ్యం పడుతుందో చెప్పే ఫోకల్ లెంగ్త్‌తో కలిపేస్కోకండి, చాలామంది కలిపేస్తారు. ఒకటికన్నా ఎక్కువ లెన్సులుంటే అన్నిట్లోకీ పెద్ద సైజుకి సెట్ కొనుక్కుని చిన్నవాటికి స్టెప్-అప్ రింగు, అంటే చిన్న లెన్స్‌కి పెద్ద ఫిల్టర్ పట్టించే రింగు, వేస్కోవడమే మంచిది, చిన్న సెట్ పెద్ద లెన్స్‌కి పెడితే మూలలు నల్లబడిపోతాయి. బిగించేటప్పుడు ముందు ఓసారి వెనక్కి అంటే ఎడమవైపు మెల్లగా తిప్పండి, మరలో మర కూర్చున్నప్పుడు చిన్నగా టిక్ మని వేలికి తెలుస్తుంది, అప్పుడు కుడివైపు తిప్పండి, ఆగిన దగ్గర వదిలెయ్యండి, ఇంకో పట్టు పట్టక్కర్లేదు. అల్యూమినియం మీద అల్యూమినియం గట్టిగా బిగిస్తే పట్టేస్తుంది. అలా పట్టేసిన రింగుని మనం ఇంకా గట్టిగా నొక్కి పట్టుకుని తిప్పబోతాం, ఆ నొక్కుడికి రింగు కోలగా అయ్యి ఇంకా బిగుస్తుంది. చుట్టూ వెడల్పాటి రబ్బర్ బ్యాండ్ వేసి, అరచెయ్యి మొత్తం ఆనించి, నొక్కకుండా తిప్పితే వచ్చేస్తుంది.

ఇప్పుడు అయస్కాంతం. నా లెక్కలో అన్నిటికన్నా ముఖ్యమైన పరీక్ష ఇదే, గ్లాస్ ఎంత గొప్పదైనా కింద పడ్డాక ఏం లాభం. మంచం మీద దుప్పటి మందంగా మడిచి పరచండి, ఫిల్టర్ పెట్టిన కెమెరాని దుప్పటికి జానెడు ఎత్తులో లెన్స్ కిందికి చూసేలా పట్టుకుని ఊపండి. ముందు మెల్లగా, తర్వాత నడిచేటప్పుడు భుజం మీద కెమెరా ఎంత ఊగుతుందో అంత. దాదాపు అన్ని సెట్లూ ఇది పాసవుతాయి. అసలు పరీక్ష తర్వాతది, ఫిల్టర్ అంచు కింద గోరు పెట్టి ఒక పక్క నుంచి ఎత్తి చూడండి. ఎదురుగా లాగితే రాని ఫిల్టరే అంచు నుంచి ఎత్తితే ఇట్టే ఊడొస్తుంది, ఎందుకంటే అయస్కాంతం మొత్తం మీద కాకుండా ఒక్క పక్కే బలం పడుతుంది. స్ట్రాప్ తగిలినా జాకెట్ జిప్ తగిలినా జరిగేది అదే. కాబట్టి అంచు నుంచి ఎత్తడానికి మీ వేలికి ఎంత బలం కావాల్సొచ్చిందో గుర్తుపెట్టుకోండి, అదే మీ సెట్ నిజమైన పట్టు. తర్వాత రెండు ఫిల్టర్లు ఒకదాని మీద ఒకటి పెట్టి అదే చెయ్యండి, మూడు పెట్టి కూడా చూడండి. నా సెట్‌లో రెండు దాకా ధీమాగా ఉంది, మూడోది పెట్టగానే మొత్తం దొంతర కొంచెం కదిలినట్టు అనిపించింది, అందుకే బయట రెండు దాటనివ్వను.

సెట్‌తో వచ్చే మాగ్నెటిక్ లెన్స్ క్యాప్ కూడా ఇదే పద్ధతిలో చూస్కోండి, అందులోనూ బ్యాగ్‌లో పెట్టి. బ్యాగ్‌లోంచి కెమెరా లాగేటప్పుడు లోపలి అర గోడకి రాసుకుని నా క్యాప్ రెండుసార్లు పక్కకి జరిగింది. లెన్స్‌తో వచ్చిన అసలు క్యాప్ పారెయ్యకండి, ప్రయాణంలో రింగు తీసి అదే పెట్టుకుంటున్నా. పక్క వెలుగు పడకుండా లెన్స్ ముందు పెట్టే హుడ్ కూడా తగిలించి చూడండి, రింగు మరీ మందంగా ఉంటే కొన్ని హుడ్‌లు పూర్తిగా కూర్చోవు.

అయస్కాంతం గురించి ఎవరూ ముందు చెప్పని విషయం ఇంకోటుంది. నీళ్ళ ఒడ్డున ఇసుకలో నల్లటి రేణువులు కనబడతాయే, వాటిల్లో అయస్కాంతానికి అతుక్కునే ఇనుప ఖనిజం, మాగ్నెటైట్, ఉంటుంది. ఫిల్టర్‌ని ఒక్క నిమిషం ఇసుక దగ్గర్లో పెట్టి తీస్తే రింగు చుట్టూ ఆ రేణువులు సన్నటి మీసాల్లా నిక్కబొడుచుకుని నిలబడి ఉంటాయి. వాటితోనే అతికిస్తే ఫిల్టర్ సమంగా కూర్చోదు, ఒక పక్క వెంట్రుకవాసి ఎత్తుగా ఉంటుంది, పట్టు సగం పోతుంది, పైగా తిప్పినప్పుడల్లా గీతలు పడతాయి. బ్లోయర్‌తో ఊదితే ఎగరవు, అయస్కాంతం వదలదు. గుడ్డతో తుడిస్తే గ్లాస్ మీదికి ఈడ్చుకొస్తాయి. సెల్లో టేప్ ముక్క జిగురు బయటికి ఉండేలా వేలికి చుట్టుకుని రింగు మీద అద్దుతూ పోతే నాలుగైదు అద్దుళ్ళలో శుభ్రమైపోతుంది. నా ఫిల్టర్ పౌచ్‌లో ఇప్పుడు చిన్న టేప్ చుట్ట ఒకటి ఎప్పుడూ ఉంటుంది.

ఇంకో మాట, ఇది సీరియస్‌గా తీస్కోండి. ఫిల్టర్ తీసి చొక్కా జేబులో వేస్కోవడం మనకి అలవాటు, కానీ గుండెకి పేస్‌మేకర్ పెట్టించుకున్నవాళ్ళు బలమైన అయస్కాంతాల్ని దానికి కనీసం 15 సెంటీమీటర్ల దూరంలో ఉంచాలి. మీ పక్కన నిలబడి ఫిల్టర్లు అందించే మనిషికి కూడా వర్తిస్తుంది ఇది. కెమెరా సెన్సర్‌కి, మెమరీ కార్డులకి ఏమీ కాదు. ఫోన్‌లో దిక్సూచి మాత్రం పౌచ్ పక్కనుంటే తప్పు దిక్కు చూపిస్తుంది, సూర్యుడు ఎటు ఉదయిస్తాడో యాప్‌లో చూసేటప్పుడు ఫోన్‌ని కాస్త ఎడంగా పట్టుకోండి.

సరే, గ్లాస్ దగ్గరికొద్దాం. ట్రైపాడ్ వేసి, కిటికీ వెలుగు సమంగా పడే చోట గోడకి న్యూస్‌పేపర్ అతికించండి, అక్షరాలు నాలుగు మూలలకీ రావాలి. ఐఎస్ఓ 100, ఎఫ్/8, మాన్యువల్ మోడ్, స్టెబిలైజేషన్ ఆఫ్, 2 సెకన్ల టైమర్. వైట్ బ్యాలెన్స్ ఆటోలో వదలకండి, డేలైట్‌లో పెట్టి కదపకండి, ఆటోలో ఉంటే ఫిల్టర్ రంగు మార్చిన సంగతి కెమెరానే కప్పిపుచ్చేస్తుంది. ఫోకస్ ఒక్కసారి చేసి మాన్యువల్‌కి మార్చెయ్యండి. మొదటి ఫోటో ఫిల్టర్ లేకుండా, తర్వాత యూవీతో (లెన్స్‌ని కాపాడే పారదర్శకమైన ఫిల్టర్), సీపీఎల్‌తో (సర్క్యులర్ పోలరైజర్, మెరుపుల్ని తగ్గించేది), ఒక్కో ఎన్‌డీతో, ఆఖరిది మళ్ళీ ఫిల్టర్ లేకుండా. ఆ ఆఖరి ఫోటో ఎందుకంటే, మొదటిదీ ఆఖరిదీ ఒకేలా ఉంటేనే మధ్యలో ట్రైపాడ్ కదల్లేదనీ వెలుగు మారలేదనీ నమ్మకం, లేకపోతే పోల్చడమే దండగ. కంప్యూటర్లో 100 శాతానికి పెంచి మధ్యలో అక్షరాలు చూడండి, మూలల్లో చూడండి. దూరపువి దగ్గరగా చూపించే టెలీ లెన్స్ ఉంటే దాంతో ఇంకోసారి చెయ్యండి, గ్లాస్‌లో లోపాలు వైడ్‌లో దాక్కుంటాయి, టెలీలో బయటపడతాయి.

ఎన్‌డీలు ఎంత వెలుగు ఆపుతాయో కూడా ఇక్కడే తెలిసిపోతుంది. ఒక స్టాప్ అంటే వెలుగు సగానికి తగ్గడం, ఎన్‌డీ8 అంటే 3 స్టాప్‌లు, ఎన్‌డీ64 అంటే 6, ఎన్‌డీ1000 అంటే 10. కొన్నిటి మీద 0.9, 1.8, 3.0 అని రాసుంటుంది, అవీ ఇవే, ప్రతి 0.3కి ఒక స్టాప్. ఫిల్టర్ లేకుండా 1/500 దగ్గర సరిగ్గా వచ్చిన ఫోటో ఎన్‌డీ8తో 1/60 దగ్గర అంతే వెలుగుతో రావాలి. రెండు హిస్టోగ్రామ్‌లు, అంటే ఫోటోలో వెలుగు ఎలా పరుచుకుందో చూపించే గ్రాఫ్‌లు, పక్కపక్కన పెట్టి చూడండి. ఎన్‌డీ1000తో అటూ ఇటూ కొంచెం తేడా రావడం మామూలే, అది లోపమని తిప్పి పంపక్కర్లేదు, ఎంత తేడానో ఫోన్‌లో రాసి పెట్టుకుంటే చాలు, ఆ తర్వాత లెక్క వేసేటప్పుడు కలుపుకోవచ్చు.

రంగు విషయంలో మాత్రం నేను రాజీ పడను. తెల్ల కాగితం, దాని పక్కన నల్ల కాటన్ గుడ్డ పెట్టి ఎన్‌డీ1000తో ఎండలో ఫోటో తియ్యండి. కాగితం కొంచెం పసుపో నీలమో తిరిగితే పర్లేదు, మొత్తం ఫ్రేమ్‌లో ఒకేలా ఉంటే వైట్ బ్యాలెన్స్ ఒక్క జరుపుతో సరిపోతుంది. నల్ల గుడ్డ గోధుమరంగులోనో ముదురు ఎరుపులోనో కనబడితే మాత్రం జాగ్రత్త. ఫిల్టర్ కంటికి కనబడే వెలుగుని వెయ్యో వంతుకి తగ్గిస్తుంది గానీ ఇన్‌ఫ్రారెడ్‌ని అంతగా ఆపకపోతే, పొడుగాటి ఎక్స్‌పోజర్‌లో ఆ ఇన్‌ఫ్రారెడ్ వాటా పెరిగిపోయి నలుపంతా చెడుతుంది. దీన్ని వైట్ బ్యాలెన్స్‌తో సరిచెయ్యలేం, తెలుపు సరిచేస్తే నలుపు పోతుంది, నలుపు సరిచేస్తే చెట్ల ఆకులు పోతాయి. నా పాత సెట్ ఫోటోలన్నీ అలా పోయినవే. ఫ్రేమ్ మధ్యలో ఒక రంగు, అంచుల్లో ఇంకో రంగు వచ్చినా అంతే, తిప్పి పంపెయ్యండి.

సీపీఎల్‌ని పరీక్షించడం వీటన్నిటికన్నా సరదాగా ఉంటుంది. లాప్‌టాప్ ఎల్‌సీడీలో తెల్ల పేజీ తెరిచి, ఫిల్టర్ లెన్స్‌కి అతుక్కునే వైపు మీ కంటివైపు, ముందు వైపు స్క్రీన్‌వైపు ఉండేలా పట్టుకుని చూస్తూ మెల్లగా తిప్పండి. ఒక కోణం దగ్గర స్క్రీన్ నల్లబడిపోతుంది, ఎంత గట్టిగా నల్లబడితే అంత మంచి ఫిల్టర్, మచ్చలు మచ్చలుగా నల్లబడితే మంచిది కాదు. తిరగేసి పట్టుకుంటే మాత్రం నల్లబడదు, అందులో ఉన్న రెండో పొర వల్ల అలా, దాన్ని చూసి ఫిల్టర్ పాడైందనుకోకండి. అది నిజంగా సర్క్యులరేనా అని చూడాలంటే అద్దం ముందు నిలబడి అదే ఫిల్టర్‌ని అతుక్కునే వైపు అద్దానికి చూపిస్తూ కంటి ముందు పెట్టుకోండి, అద్దంలో ఫిల్టర్ లోపల మీ కన్ను కనబడకుండా నల్లగా ఉంటే సర్క్యులర్. ఆ రెండో పొర లేని లీనియర్ అయితే కన్ను కనబడుతుంది.

బయట సీపీఎల్ వాడేటప్పుడు చూపుడువేలు సూర్యుడికి గురిపెట్టి బొటనవేలు నిటారుగా చాచండి, చెయ్యిని అలాగే గుండ్రంగా తిప్పితే బొటనవేలు చూపించే చోటల్లా ఆకాశం బాగా ముదురు నీలంగా మారుతుంది, అంటే సూర్యుడికి 90 డిగ్రీల్లో అన్నమాట. సూర్యుడు ఎదురుగానో వీపు వెనకో ఉంటే ఆకాశంలో పెద్ద మార్పేం రాదు. 24 ఎంఎం కన్నా వైడ్‌లో ఆకాశం ఒక పక్క ముదురు ఒక పక్క లేతగా పట్టీలా వచ్చేస్తుంది, దాన్ని తర్వాత సరిచెయ్యడం నరకం, అక్కడ సగమే తిప్పి ఆపెయ్యండి. నీటి మీద మెరుపు పోవాలంటే నీటి మట్టానికి 37 డిగ్రీల దగ్గర్లో కెమెరా వాలి ఉండాలి, అక్కడ తిప్పుతుంటే మెరుపు ఒక్కసారిగా తెర తీసినట్టు పోయి అడుగున ఉన్న గులకరాళ్ళు కనబడతాయి, సీపీఎల్ చేసే ఈ పని ఏ సాఫ్ట్‌వేరూ చెయ్యలేదు. నున్నటి లోహం మీద మెరుపు మాత్రం పోదు. ఇంద్రధనుస్సు తీసేటప్పుడు తిప్పి చూస్కోండి, ఒక కోణంలో అందులో చాలా భాగం మాయమైపోవచ్చు. ఇంకా, సీపీఎల్ సుమారు ఒకటిన్నర నుంచి 2 స్టాప్‌ల వెలుగు తినేస్తుంది, ఎప్పుడూ పెట్టి వదిలెయ్యకండి. మాగ్నెటిక్ కాబట్టి తియ్యడం ఒక్క క్షణం పని, నన్నడిగితే ఈ సెట్ల అసలు లాభం పెట్టడంలో కాదు, అక్కర్లేనప్పుడు బద్ధకం లేకుండా తీసెయ్యడంలో ఉంది.

మూలలు నల్లబడటం, అదే విన్యెట్టింగ్, చూడాలంటే లెన్స్‌ని అత్యంత వైడ్‌లో పెట్టి ఫోకస్ ఇన్ఫినిటీకి జరిపి ఎఫ్/11 దగ్గర ఏమీ లేని గోడని తియ్యండి, ముందు ఖాళీగా, తర్వాత ఒకటి పెట్టి, తర్వాత రెండు. మూలలు నల్లబడితే కొంచెం కొంచెం జూమ్ చేస్తూ మళ్ళీ తియ్యండి, ఆ నలుపు పోయిన చోట జూమ్ ఎంతలో ఉందో అది మీ హద్దు.

ఫ్లేర్, అంటే దీపం వెలుగు గ్లాస్‌లో తిరిగి ఫోటోలో మచ్చలా రావడం, దాని పరీక్ష రాత్రి చెయ్యాలి. గది చీకటి చేసి ఫోన్ టార్చ్ వెలిగించి ఫ్రేమ్‌లో ఒక మూలకి పెట్టండి, ఫిల్టర్ లేకుండా ఒకటి, ఉండి ఒకటి. కోటింగ్ లేని గ్లాస్ ప్రతి ముఖం దగ్గరా సుమారు 4 శాతం వెలుగుని వెనక్కి కొడుతుంది, ఒక ఫిల్టర్‌కి రెండు ముఖాలు, అది తిరిగి తిరిగి ఎదురు మూలలో ఆకుపచ్చ బొట్టులా కనబడుతుంది. మంచి మల్టీకోటింగ్ ఉంటే ఆ బొట్టు ఉండీ లేనట్టుంటుంది. ఎంత మంచిదైనా రాత్రి వీధిదీపాల ఫోటోలకి యూవీ తీసెయ్యండి. యూవీ గురించి ఇంతకన్నా చెప్పడానికేం లేదు, డిజిటల్ కెమెరాల్లో అది దుమ్ము, నీటి తుంపర్ల నుంచి కాపాడ్డానికే.

చీకట్లోనే ఇంకోటి కూడా అయిపోగొట్టండి. ఎన్‌డీ1000 పెట్టి 30 సెకన్ల ఎక్స్‌పోజర్ మొదలుపెట్టి, ఫిల్టర్‌కీ రింగుకీ మధ్య అతుకు చుట్టూ టార్చ్ తిప్పండి, లెన్స్ ముందుకి కాదు, అతుకు మీదికే. ఫోటోలో లేత పొగలాగో గీతలాగో వెలుగు కనబడితే అక్కడ సందుంది. ముందు రింగు తుడిచి మళ్ళీ చెయ్యండి, అప్పటికీ వస్తే ఆ ఫిల్టర్ సమంగా లేనట్టే.

ఇవన్నీ అయ్యాక మొదటి షూట్‌కి పారే నీళ్ళ దగ్గరికి వెళ్ళండి, ఎన్‌డీ1000 పద్ధతి అలవాటవ్వాలంటే అంతకన్నా మంచి చోటు లేదు. ఫిల్టర్ లేకుండా ఫ్రేమ్ చూస్కుని, ఫోకస్ చేసి మాన్యువల్‌కి మార్చి, ఎక్స్‌పోజర్ చూడండి. 1/125 వచ్చిందనుకోండి, 10 స్టాప్‌లకి వెయ్యి రెట్లు, అంటే 8 సెకన్లు. 1/30 అయితే సుమారు 34 సెకన్లు, అది 30 దాటింది కాబట్టి బల్బ్ మోడ్ (నొక్కినంతసేపు షట్టర్ తెరిచుండేది), రిమోట్. ఇప్పుడు ఫిల్టర్‌ని మెల్లగా అతికించండి. మరల ఫిల్టరైతే ఇక్కడే ఫోకస్ రింగు కదిలిపోయేది, మాగ్నెటిక్‌తో ఆ బాధ లేదు, ఐతే దూరం నుంచి వదలకండి, టక్కున లాక్కున్నప్పుడు ఆ కుదుపుకి ఫ్రేమ్ కదులుతుంది, ఒక అంచు ఆనించి మిగతాది వాల్చండి. లోపల అద్దం ఉండే డీఎస్ఎల్ఆర్ కెమెరా అయితే కన్ను పెట్టి చూసే వ్యూఫైండర్ మూసెయ్యండి, వెనకనుంచి వెలుగు పడుతుంది. సూర్యుడు దిగిపోతున్న వేళ అయితే లెక్కకి కొంచెం కలుపుకోండి, ఎక్స్‌పోజర్ నడుస్తుండగానే వెలుగు తగ్గిపోతుంటుంది.

సీపీఎల్, ఎన్‌డీ1000 రెండూ కావాలంటే ముందు సీపీఎల్ ఒక్కటే పెట్టి కోణం సరిచేస్కుని, దాని అంచు మీదున్న గుర్తు గడియారంలో ఎన్ని గంటల దగ్గరుందో చూస్కోండి. దాన్ని తీసి ఎన్‌డీ పెట్టి దాని మీద సీపీఎల్‌ని మళ్ళీ అదే గంట దగ్గర పెట్టండి. ఎన్‌డీ1000 లోంచి చూసి కోణం సరిచెయ్యడం దాదాపు కుదరదు.

వీడియో తీసేవాళ్ళకి ఎన్‌డీ64 చాలా ఉపయోగం. మంచి ఎండలో ఐఎస్ఓ 100, ఎఫ్/16, 1/100 దగ్గర ఎక్స్‌పోజర్ సరిపోతుంది, మనకి కావాల్సింది సెకనుకి 25 ఫ్రేముల దగ్గర 1/50, బ్యాక్‌గ్రౌండ్ మసకగా రావడానికి ఎఫ్/2.8. ఎపర్చర్‌లో 5 స్టాప్‌లు, షట్టర్‌లో 1, మొత్తం 6, సరిగ్గా ఎన్‌డీ64.

ఒక హెచ్చరిక. ఎన్‌డీ1000 ఎంత నల్లగా ఉన్నా దాంతో సూర్యుణ్ణి కంటితో చూడకండి, గ్రహణమైనా సరే, డీఎస్ఎల్ఆర్ వ్యూఫైండర్‌లోంచి అసలే వద్దు. సూర్యుడి కోసం చేసిన ఫిల్టర్లు సుమారు లక్ష రెట్లు ఆపుతాయి, ఇది ఆపేది వెయ్యి రెట్లే.

ఇంక పౌచ్ దగ్గరికొస్తే, ఫిల్టర్ల మీద పేర్లు అంచున సన్నటి అక్షరాల్లో ఉంటాయి, తెల్లారకముందు అవి అసలు కనబడవు, ఎన్‌డీ64 అనుకుని ఎన్‌డీ1000 పెట్టేస్తాం. నేను గోళ్ళరంగుతో అంచు బయటివైపు బొట్లు పెట్టుకున్నా, ఎన్‌డీ8కి ఒకటి, ఎన్‌డీ64కి రెండు, ఎన్‌డీ1000కి మూడు, సీపీఎల్‌కి ఒక గీత. రంగు కాస్త ఎక్కువ తీస్కుని పెడితే ఆరాక ఉబ్బుగా నిలబడి వేలికి తగులుతుంది. అయస్కాంతం ఆనే ముఖం మీద మాత్రం ఒక్క చుక్క కూడా పడకూడదు, పడితే ఫిల్టర్ ఒరిగిపోతుంది. ఒక రాత్రంతా ఆరనిచ్చి, మర్నాడు లైటార్పి, పౌచ్‌లోకి చెయ్యి పెట్టి కావాల్సిన ఫిల్టర్ వేళ్ళతో తడిమి తీసి లెన్స్‌కి పెట్టడం ఓ ఐదారుసార్లు చేసి చూడండి, దుప్పటి మాత్రం కింద అలాగే ఉంచండి.